చిన్నకోడలి బ్లోయరు

వంటింట్లో రెండో పొయ్యి వెలిగింది.

పెద్దకోడలు వెనక్కి తిరిగి చూడలేదు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు, ఆ గిన్నెలో కొలిచినట్టు పోసిన నీళ్ళ చప్పుడు, అన్నీ వీపుతోనే వింది. నిన్న సాయంత్రం చిన్నకోడలు పక్కింటావిడనడిగి ఆ చిన్న పొయ్యి తెచ్చి కిటికీ కింద పెట్టినప్పుడు, ఏదో కోపం, తెల్లారేసరికి తనే తీసేస్తుందిలే అని ఇంట్లో అందరూ అనుకున్నారు. తెల్లారింది. పొయ్యి మాత్రం కదల్లేదు.

అత్తగారు రెండు పొయ్యిలకీ మధ్య పీట వాల్చుకుని కూర్చుంది. అటు చూసింది, ఇటు చూసింది.

"అక్కడో టీ, ఇక్కడో టీ. నేనెవరిది తాగాలమ్మా? రెండూ తాగితే గుండెదడ, ఏదీ తాగకపోతే తలనొప్పి."

"మీ ఇష్టం అత్తయ్యా," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఒకేసారి అన్నందుకు ఇద్దరికీ ఒళ్ళు మండింది.

"నా ఇష్టమైతే ఒకటే పొయ్యి," అంది అత్తగారు.

నీళ్ళు మరిగాయి. పెద్దకోడలు కూర కలుపుతూ కలుపుతూ ఇక పట్టలేకపోయింది.

"ఇంతకీ నేనేమన్నానే, వేరు కుంపటి పెట్టేంతగా?"

"నువ్వేమీ అనలేదక్కా. అనేవాళ్ళతో నాకు భయం లేదు. అనకుండా చేసేవాళ్ళతోనే."

"ఏం చేశానేమిటి?"

"అది నువ్వే చెప్పాలి. నేను జ్వరమొచ్చి ఒక్కరోజు సెలవు పెట్టాను. వెళ్ళేటప్పుడు మిల్లులో నా బ్లోయరు చల్లగా, సాఫీగా తిరుగుతోంది. వచ్చి చూస్తే చెయ్యి ఆనించలేనంత వేడి. ఎవరూ ముట్టుకోకుండానే అంత కాలుతుందా?"

"మెషినన్నాక వేడెక్కదా? నువ్వు దానికి చుక్కల మందు పోసినట్టు పోస్తావు. ఎండిపోయి ఉంటుంది."

"ఎండితే కీచుమంటుందక్కా. ఇది కీచుమనడం లేదు."

పెద్దకోడలి గరిటె ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తిరిగింది.

సంగతేమిటంటే, ఇద్దరూ ఒకే పేపరు మిల్లులో, ఒకే గ్రీజు జట్టులో పనిచేస్తున్నారు. మెషిన్ల బేరింగులకు వేళకు గ్రీజు పెట్టడం, చెవి ఒగ్గి వినడం, చెయ్యి ఆనించి చూడడం వాళ్ళ పని. పెద్దకోడలు ఆ పనిలో తల పండిన మనిషి. పెళ్ళయి వచ్చిన కొత్తలో దిక్కులు చూస్తున్న తోడికోడలిని చెయ్యి పట్టుకుని మిల్లు గేటు దాటించింది ఆమే. గ్రీజు గన్ను ఎలా పట్టుకోవాలో చూపించింది కూడా ఆమే. "మా చెల్లి" అని జట్టంతా తిప్పి పరిచయం చేసింది. ఆ రోజుల్లో ఇద్దరిదీ ఒకే క్యారియరు.

ఆ తర్వాత శిక్షణ మాస్టారు వచ్చాడు. బేరింగులు తొందరగా పాడైపోతున్నాయని, పనివాళ్ళందరికీ మొదటి నుంచి నేర్పించాలని కంపెనీ వాళ్ళు ఆయన్ని పిలిపించారు. పెద్దకోడలు మొదటి వరసలో కూర్చుంది. నాకు తెలియనిది ఈయనేం చెబుతాడులే అనే ధీమాతో కూర్చుంది. మాస్టారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, బేరింగులో గ్రీజు ఎంత ఉండాలి అని.

"నిండా ఉండాలి సార్. పక్కనుంచి బయటికి వచ్చేదాకా పెట్టాలి," అంది పెద్దకోడలు ఠక్కున.

ఆమె ఇంట్లో వడ్డించే తీరు కూడా అంతే. విస్తరి ఖాళీ కనిపిస్తే ఆమె మనసు ఊరుకోదు. చాలు చాలు అని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డించగలదు. బేరింగుల్ని కూడా అలాగే, బంధువుల్ని చూసుకున్నట్టు చూసుకుంది.

"కాదు సార్," అంది వెనక నుంచి చిన్నకోడలు. "లోపల ఖాళీ ఉండాలి. మా అక్క పెట్టినంత పెడితే అది తిరగలేక గ్రీజునే చిలుకుతూ కూర్చుంటుంది, వేడెక్కుతుంది."

అందరూ గొల్లుమన్నారు. మాస్టారు "భేష్" అన్నాడు. చిన్నకోడలు అన్నది వేళాకోళానికే, ఇంట్లో అన్నంత చనువుగానే. కానీ ఇల్లు వేరు, నలుగురిలో వేరు. పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది.

అప్పటి నుంచి ఆమె కళ్ళు పాఠం మీద నిలవలేదు. మాస్టారు తోడికోడలిని ఎన్నిసార్లు లేపాడు, ఎన్నిసార్లు తలూపాడు, ఆ పిల్ల నవ్వితే ఆయన నవ్వాడా లేదా, అన్నీ చూసింది. పాఠం తప్ప. ఒకరోజు మాస్టారు రెండు రంగుల గ్రీజు సీసాలు తెచ్చి, రా అమ్మా, ఇవి పట్టుకో అని చిన్నకోడలినే ముందుకు పిలిచాడు. ఆ సీసాల గురించి ఆయన చాలాసేపే మాట్లాడాడు. పెద్దకోడలు ఆ చాలాసేపూ సీసాలు పట్టుకున్న చేతుల్నే చూస్తూ, ఈ చేతులకు గ్రీజు అంటించింది నేను కాదూ అని కుతకుతలాడింది.

పైగా మాస్టారు ఒక పందెం పెట్టాడు. శిక్షణలో ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కో మెషిను అప్పగించాడు. ఎవరి బేరింగు చల్లగా, చప్పుడు లేకుండా ఉంటే వాళ్ళే రేపొచ్చే కొత్త బ్యాచికి పాఠం చెప్పాలి. ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ కుర్చీ వాళ్ళదే. చిన్నకోడలికి గాలి కొట్టే పెద్ద బ్లోయరు వచ్చింది. పెద్దకోడలికి సరుకు మోసే బెల్టు రోలర్లు వచ్చాయి. అవీ బాగానే ఉన్నాయి. బ్లోయరు మాత్రం ఇంకా బాగుంది.

ఇక మనలో మనకు దాపరికమెందుకు? ఆమే చేసింది.

తోడికోడలు సెలవు పెట్టిన రోజు, ఊరికే చూసి వద్దామని బ్లోయరు గదిలోకి వెళ్ళింది. చెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. పొడవాటి స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించింది. టకటక లేదు, గరగర లేదు. ఒకటే హాయైన హోరు. ఒక్క తప్పయినా వినపడకపోతుందా అని అలాగే నిలబడింది. ఒక్కటీ వినపడలేదు. అదే ఆమె భరించలేకపోయింది.

గన్ను చేతిలోనే ఉంది. పాపం, ఆ పిల్ల దీన్ని పస్తులు పెడుతోంది, కాస్త తిననీ అని తనకు తానే చెప్పుకుంది. నొక్కింది. అది జాలి కాదని నొక్కుతున్న చేతికి తెలుసు. కొంచెం వేడెక్కుతుంది, మాస్టారు ఆ పిల్లకు నాలుగు చివాట్లు పెడతాడు, అంతకంటే ఏమవుతుంది అనుకుంది. గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఏమీ ఎరగనట్టు తన బెల్టు దగ్గరికి వచ్చేసింది.

ఇప్పుడు కూరలో ఉప్పు రెండోసారి వేసింది.

పెద్దవాడు, అంటే ఆమె మొగుడు, తువ్వాలు భుజాన వేసుకుని వంటింట్లోకి తొంగి చూశాడు. ఆయన వడ్రంగి. మిల్లు గొడవలు ఆయనకు పట్టవు.

"రెండు పొయ్యిలేమిటి, హోటల్లా?" అన్నాడు.

"మీ మరదలినడగండి," అంది పెద్దకోడలు.

"బావగారూ, ఇవాళ నా బ్లోయరు విప్పి చూస్తారట. అది తేలాక ఈ పొయ్యి సంగతి చెబుతాను," అంది చిన్నకోడలు.

"ఏం ఫర్వాలేదమ్మా. నీ పనితనం సంగతి మన వీధిలో కూడా అనుకుంటున్నారు. ఆ కుర్చీ నీదే."

ఆయన మంచికే అన్నాడు. అని, స్నానానికి వెళ్ళాడు. పెద్దకోడలి కడుపులో మాత్రం పొయ్యి లేకుండానే మంట లేచింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన పనితనం గురించి ఆయన నోట ఒక్క ముక్క వినలేదు.

అత్తగారు రెండు టీలూ ఒకే గ్లాసులో కలుపుకుని తాగింది.

*

బ్లోయరు ఆపేశారు. ఆ హోరు లేకపోయేసరికి ఆ గది కొత్తగా ఉంది. మాటలు మరీ గట్టిగా వినిపిస్తున్నాయి.

బ్యాచంతా చుట్టూ మూగింది. బోల్టులు ఒక్కొక్కటే విప్పుతున్నాడు మాస్టారు. పెద్దకోడలు జనం వెనక నిలబడి మునివేళ్ళ మీద లేచి చూస్తోంది. లోపల గ్రీజు కిక్కిరిసి ఉంటుంది, చూశారా ఎక్కువ పెట్టింది అని మాస్టారు అంటాడు, ఎక్కువ పెట్టేది అక్కే అని నవ్విన వాళ్ళందరూ అటు తిరిగి ఆ పిల్లను చూస్తారు. ఆమె రాత్రంతా మనసులో నడిపించుకున్న దృశ్యం అది.

మూత ఊడింది.

గ్రీజు కిక్కిరిసి లేదు. నీళ్ళలా బొటబొటా కింద కారింది. వంగపండు రంగులో ఉంది. మాస్టారు బేరింగును చేత్తో తిప్పాడు. గరగరమంది. బంతులు తిరిగే దారి మీద వేలు పెట్టి చూపించాడు. నున్నగా మెరవాల్సిన చోట గీతలు పడి ఉన్నాయి.

"ఇది పోయింది. కొత్తది వెయ్యాలి," అన్నాడు.

ఇలా అవుతుందని పెద్దకోడలు అనుకోలేదు. బేరింగుకు జ్వరం వస్తుందనుకుంది. ప్రాణం పోతుందనుకోలేదు.

"ఈ బ్లోయరులో ఉండాల్సింది నీలం గ్రీజు. ఇందులో ఎర్ర గ్రీజు కలిసింది," అన్నాడు మాస్టారు. "రెండూ వేటికవి మంచివే. కలిస్తే ఒకదాన్నొకటి విరిచేస్తాయి. ఆమధ్య సీసాల్లో కలిపి చూపించాను కదా, ఎలా నీరుగారిపోయిందో?"

చూశాం సార్ అన్నారు అందరూ. పెద్దకోడలు కూడా అందరితో పాటు తలూపింది. ఆ సీసాల్లో ఏం జరిగిందో ఆమె ఈ క్షణం దాకా చూడలేదు.

"ఎర్ర గ్రీజు గన్నులు ఎవరి దగ్గరున్నాయి?"

"రెండే సార్! బెల్టు దగ్గర మా ఇద్దరివే!" అని అరిచాడు బెల్టు దగ్గరి క్రేను ఆపరేటరు. అతను గుసగుసలాడినా గోడ అవతలికి వినిపిస్తుంది. అందుకే అందరూ అతన్ని సైరను అంటారు. "కానీ నా గన్ను రిపేరుకిచ్చాను సార్! స్టోర్సులో ఉంది! కావాలంటే అడగండి!"

రెండింట్లో ఒకటి పోతే మిగిలేది ఎవరి గన్నో చెప్పడానికి పెద్ద లెక్కలు రానక్కరలేదు. తలలు ఒక్కొక్కటే పెద్దకోడలి వైపు తిరగడం మొదలుపెట్టాయి.

మాస్టారు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ముందే చెబుతున్నాను. పొరపాటైతే మళ్ళీ నేర్పిస్తాను. పాఠాలున్నది అందుకే. కావాలని చేసినట్టు తేలితే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు. పైవాళ్ళు గేటు బయట నిలబెడతారు. ఎవరు పెట్టారు?"

పెద్దకోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. నిజం చెబితే గేటు, అబద్ధం చెబితే ఇంతమంది కళ్ళు.

"నేనే సార్," అంది ఒక గొంతు.

చిన్నకోడలు ముందుకొచ్చింది.

"సెలవుకు ముందు రోజు నా గన్ను సరిగ్గా పనిచేయలేదు. అక్క గన్ను తీసుకుని పెట్టాను. ఒళ్ళు వెచ్చగా ఉండి రంగు చూసుకోలేదు."

"నువ్వా?" అన్నాడు మాస్టారు. ఆయన మొహం పాలిపోయింది. "గన్నులకు రంగు పట్టీలు కడదామని నాకు చెప్పిందే నువ్వు కదమ్మా!"

"అందుకే సార్, చెప్పడానికి సిగ్గేసింది."

"ఇప్పటి దాకా ఎందుకు దాచావు?"

"ధైర్యం చాల్లేదు సార్."

అంత సాఫీగా చెప్పింది. సైరను సైతం నోరు మూసుకున్నాడు. పెద్దకోడలు బతికిపోయాను అనుకుంది. అనుకున్న మరుక్షణమే ఇంకోటి అనుకుంది. అది వినడానికే సిగ్గుచేటు, అయినా ఆమె అనుకున్నది చెప్పకపోతే కథ చెప్పడమెందుకు? చివరికి ఇందులో కూడా దీనిదే పైచేయి అనుకుంది. తప్పు నాది, మంచితనం దానిది. నా తప్పుతో కూడా అదే పెద్దదైపోయింది.

మాస్టారు చాలాసేపు బేరింగును తిప్పుతూనే ఉన్నాడు.

"సరే. ఈ బ్యాచికి నువ్వు లేవు. మళ్ళీ మొదటి నుంచి కూర్చోవాలి," అన్నాడు చిన్నకోడలితో. తర్వాత తలెత్తి జనంలో వెతికాడు. "పెద్దమ్మా, ఇలా రండి. మిగతావాటిలో మీ రోలర్లే చల్లగా ఉన్నాయి. రేపు కొత్త బ్యాచికి మీరే చెప్పాలి. ఈ పోయిన బేరింగునే బల్ల మీద పెట్టండి. రెండు గ్రీజులు ఎందుకు కలపకూడదు, ఇదే మొదటి పాఠం."

నలుగురు చప్పట్లు కొట్టారు. పెద్దకోడలు చేతులు చాచింది. మాస్టారు ఆ చచ్చిపోయిన బేరింగును గుడ్డలో చుట్టి ఆ చేతుల్లో పెట్టాడు. ఆమె ఇన్నాళ్ళూ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది దీనికోసమే. అది వెచ్చగా, జిడ్డుగా ఉంది.

*

సాయంత్రం అత్తగారు గుమ్మంలోనే ఎదురైంది. కబురు ముందే చేరిపోయింది.

"నువ్వు మాస్టారివయ్యావటగా?" అంది పెద్దకోడలితో. గొంతులో సంతోషం ఉందో లేదో తెలియలేదు. "అది లోపలికి రాలేదు. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుంది. నేను పిలిస్తే పలకలేదు. నువ్వు పిలు."

"నేను పిలిస్తే పలుకుతుందా అత్తయ్యా?"

"నాకేం తెలుసమ్మా. మీ ఇద్దరి మధ్యా ఏముందో నాకెవరు చెప్పారు కనుక?"

పెరట్లో చిన్నకోడలు చేతులకు సబ్బు రాసి రుద్దుకుంటోంది. కడిగిన చేతుల్నే మళ్ళీ కడుగుతోంది. పెద్దకోడలు కాస్త ఎడంగా గట్టు మీద కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక చెంగు వేలికి చుట్టుకుంది. కుళాయి కారుతూనే ఉంది.

"ఎందుకలా చెప్పావే?" అంది చివరికి.

"పొరపాటైతే బ్యాచి పోతుంది. కావాలని చేస్తే ఉద్యోగం పోతుంది. మాస్టారు చెప్పాడు కదా."

"అయితే మాత్రం? నీ కుర్చీ పోయింది కదా."

"నన్ను ఆ గేటు లోపలికి తెచ్చింది నువ్వు. ఆ గేటు బయట నిన్నెలా చూడనక్కా?"

ఆ మాట పెద్దకోడలికి పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ పిల్ల తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి తిట్టేది. ఇద్దరూ అరుచుకునేవాళ్ళు, అత్తగారు అడ్డం వచ్చేది, రెండు రోజుల్లో మళ్ళీ ఒకే క్యారియరు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల మీద తనకు మిగిలిన పెద్దరికం ఒక్కటే, చెయ్యి పట్టుకుని తెచ్చానన్నది. అదీ ఇవాళ చెల్లు వేసేసింది.

"నాకోసం ఏమీ చెయ్యమని నేను నిన్ను అడగలేదు," అంది పెళుసుగా.

"అడగలేదు."

"మరి గొప్ప కోసమా?"

చిన్నకోడలు కుళాయి కట్టేసింది. తలెత్తి చూసింది. ఏడ్చిన కళ్ళలా లేవు. జ్వరం ఇంకా పూర్తిగా తగ్గని కళ్ళు.

"గొప్ప కోసమైతే అక్కడ నీ వైపు వేలు చూపించేదాన్ని. అందరూ చూస్తూనే ఉన్నారు. అంతకంటే గొప్ప ఇంకేముంది?"

పెద్దకోడలు తల దించుకుంది. కళ్ళెత్తకుండానే అంది.

"రేపు నేనేం చెప్పాలో నాకు తెలీదే."

"ఏమిటి?"

"ఆ రెండు సీసాల పాఠం. ఆ రోజు నేను వినలేదు."

"తెలుసు. నన్నే చూస్తూ కూర్చున్నావు. నీ చూపు నా చేతుల మీద గుచ్చుకుంటూనే ఉంది."

"అయితే చెబుతావా? కొత్త పిల్లలు ఏదో ఒకటి అడుగుతారు. ఎందుకు విరుగుతుంది, ఎలా కనిపెట్టాలి అంటే నేను ఏం చెప్పను? నలుగురిలో మళ్ళీ నవ్వులపాలవుతాను." ఆమె తోడికోడలి వైపు తిరిగింది. "నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అవన్నీ ఎందుకక్కా. చెబుతాను. అంతా చెబుతాను." చిన్నకోడలు తడి చేతులు చెంగుకు తుడుచుకుని, వచ్చి ఆమె పక్కనే గట్టు మీద కూర్చుంది. ఇద్దరి భుజాలూ దాదాపు తగిలాయి. "కానీ ముందు నువ్వొకటి చెప్పు. ఎన్నిసార్లు నొక్కావు?"

ఎంత మామూలుగా అడిగిందంటే, కూరలో కారం ఎంత వేశావు అని అడిగినట్టు అడిగింది. ఆ మామూలుతనానికే పెద్దకోడలు కరిగిపోయింది. పొద్దుటి నుంచి దాచుకున్నది ఒక్కసారిగా బయటికి వచ్చేసింది.

"లెక్క పెట్టలేదే. పక్కనుంచి బయటికి వచ్చేదాకా నొక్కాను. కానీ ఒట్టు, ఆ రెండూ కలిస్తే ఇలా అవుతుందని నాకు తెలీదు. ఊరికే కాస్త వేడెక్కుతుందనుకున్నాను. నీకు నాలుగు చివాట్లు పడితే చాలనుకున్నాను. అంతే."

చిన్నకోడలు పక్కకు జరగలేదు. కానీ ఆ భుజం బిగుసుకుపోవడం పెద్దకోడలికి తెలిసింది.

"సైరను గన్ను రిపేరుకిచ్చింది నిన్ననే," అంది చిన్నకోడలు మెల్లగా. "నేను సెలవు పెట్టిన రోజు వాడి గన్ను వాడి దగ్గరే ఉంది. వాడే ఎవరి మెషినో చూసుకోకుండా పెట్టి ఉంటాడని పొద్దుటి నుంచి మనసుకు చెప్పుకుంటున్నాను. ఆధారం లేకుండా నలుగురిలో వాడి పేరు చెప్పలేకపోయాను. పొయ్యి దగ్గర అన్నవన్నీ కోపంతో అన్నవే. అక్కడ నీ తరఫున మాట్లాడినప్పుడు కూడా నువ్వు చేశావని నమ్మి మాట్లాడలేదు. నిన్ను అనవసరంగా బయటికి పంపేస్తారేమోనని మాట్లాడాను."

"మరి ఇప్పుడు ఎన్నిసార్లని అడిగావు కదే?"

"నేను ముట్టుకోనే లేదు అంటావన్న ఆశతో అడిగానక్కా."

లేచి, ఇంట్లోకి వెళ్ళిపోయింది. వంటింటి తలుపు లోపల నుంచి గడియ పడింది. పెద్దకోడలు గట్టు మీద అలాగే ఉండిపోయింది. రేపటి పాఠంలో ఒక్క ముక్క కూడా ఆమెకు ఇంకా తెలియదు.